సోరోరిటీలో ఏడాది ఎలా గడుస్తుంది: నాలుగేళ్లు ఉండి చూశాక నా రివ్యూ

ఆగస్టు వచ్చిందంటే ఫోన్ నిండా ఒకటే వీడియోలు. పొట్టి గౌన్లు, పెద్ద బంగళా మెట్ల మీద చప్పట్లు, అరుపులు. 2021లో అలబామా యూనివర్సిటీలో రష్ (అమ్మాయిల సంఘాలైన సోరోరిటీలు కొత్తవాళ్లని ఎంచుకునే వారం) వీడియోలు టిక్‌టాక్‌లో వైరల్ అయినప్పటి నుంచి సోరోరిటీ అంటే ఆ వారమే అన్నట్టు తయారైంది. అమెరికాలో ఓ దక్షిణాది రాష్ట్రంలో, పెద్ద స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ చదివినన్నాళ్లూ నేను ఒక సోరోరిటీలో సభ్యురాలిని. హైస్కూల్ చివరి ఏడాదిలో ఉన్న మన అమ్మాయిలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల అమ్మలు, చేరొచ్చా అని అడుగుతుంటారు. ముందే చెప్పేస్తాను: ఏడాదంతా ఆ ఒక్క వారం కోసం పనిచేసే సంస్థ ఇది. ఆ సంగతి తెలిసి చేరితే చాలా నేర్చుకుంటారు. వీడియోలు చూసి చేరితే అక్టోబరుకల్లా విసుగొస్తుంది. మార్కులంటే, అయిదుకి మూడున్నర.

తెలియనివాళ్ల కోసం కొంచెం నేపథ్యం. అమ్మాయిల సంఘాల్లో అన్నిటికంటే పాతది 1851లో జార్జియాలోని మేకన్ పట్టణంలో, వెస్లియన్ కాలేజీలో మొదలైంది. ఇప్పుడు ఆల్ఫా డెల్టా పై అనేది అదే. ఇలాంటి 26 సంస్థలకు కలిపి నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ ఉంది, 1902 నుంచి. ఒక్కో క్యాంపస్‌లోని శాఖను చాప్టర్ అంటారు. మాది రెండు వందల మంది దాటిన చాప్టర్. హౌస్‌లో (సభ్యులు ఉండే బంగళా; చాప్టర్‌నీ హౌస్ అనే అంటారు) పడకలు మాత్రం అందులో మూడో వంతుకే.

ఇక రష్. కొత్తవాళ్లకు అది క్లాసుల ముందు వారం. మాకు అంతకు ముందే వర్క్ వీక్ ఉంటుంది. పొద్దున్నించి రాత్రి దాకా పాటలు, చప్పట్లు, నిలబడే తీరు, మాట్లాడే తీరు, అన్నీ రిహార్సల్సే. గుమ్మంలో ఒకరి భుజం మీదుగా ఒకరు తలలు పెట్టి అరిచే దాన్ని డోర్ స్టాక్ అంటారు. మూడో రోజుకి గొంతులు పోయి అందరి చేతుల్లో దగ్గు బిళ్లలే.

అసలు నైపుణ్యం బంపింగ్‌లో ఉంది. నేనొక అమ్మాయితో మాట్లాడుతుంటాను. నాలుగైదు నిమిషాలు కాగానే నా టీమ్‌లో ఇంకో అమ్మాయి వచ్చి పక్కన నిలబడుతుంది. మాట తెగకుండా, "తను కూడా నీలాగే వాలీబాల్ ఆడేది" అని కలిపేసి నేను తప్పుకోవాలి. తప్పుకున్నాక నేను ఇంకొకరి దగ్గరికి వెళ్లి అదే చేస్తాను. అబ్బాయిలు, మందు, మతం, రాజకీయం, డబ్బు, ఈ అయిదింటి జోలికి వెళ్లకూడదు. రౌండ్ అయిపోయి తలుపులు మూయగానే అందరం నేల మీద కూలబడి, ఫోన్‌లో యాప్ తెరిచి, మాట్లాడిన ప్రతి అమ్మాయికీ అంకె వేస్తాం. నాకు ఇందులో నచ్చనిది ఇదొక్కటే, కానీ చిన్న విషయం కాదు. పద్దెనిమిదేళ్ల పిల్ల టెన్షన్‌తో చెమటలు పట్టి నాలుగు మాటలు తడబడితే అది అంకెగా మారిపోతుంది.

అయితే మొదటి రౌండ్‌లోనే పేరున్న హౌస్ వదిలేసిందని ఏడ్చే అమ్మాయిలకు ఒక మాట. అది చాలాసార్లు లెక్క. ఏ చాప్టర్ ఎంతమందిని మళ్లీ పిలవొచ్చో గత ఏళ్ల రికార్డును బట్టి లెక్కగట్టి ఇస్తారు. పిలిచినవాళ్లందరూ తిరిగొచ్చే హౌస్ అయితే మొదట్లోనే ఎక్కువమందిని వదులుకోవాలి. ప్రతి రౌండ్ తర్వాత అమ్మాయిలూ చాప్టర్లూ ఇష్టాల వరుస పెడతారు, కంప్యూటర్ జత కలుపుతుంది. ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ కాలేజీ కూడా మీకు ర్యాంకు వేస్తుంది.

మన పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. దక్షిణాది క్యాంపస్‌లలో పాత సభ్యురాలెవరైనా సిఫార్సు ఉత్తరం రాయడం మొన్నమొన్నటి దాకా మామూలు. తల్లో అక్కో అదే సంఘంలో ఉంటే లెగసీ అని కాస్త మొగ్గు చూపేవారు. మా అమ్మ చదివింది వరంగల్‌లో. నాకెవరు రాస్తారు? 2020 తర్వాత చాలా సంస్థలు లెగసీ నియమాల్ని తీసేశాయి, ఉత్తరాల పట్టింపు కూడా తగ్గింది. రంగు సంగతీ దాచనక్కర్లేదు. 2013లో అలబామా విద్యార్థి పత్రిక ది క్రిమ్సన్ వైట్, మంచి మార్కులున్న నల్లజాతి అమ్మాయిని పూర్వ సభ్యురాళ్ల ఒత్తిడితో సోరోరిటీలు తిరస్కరించాయని బయటపెట్టింది. అది దేశమంతా వార్త అయ్యాక గానీ అక్కడ తలుపులు తెరుచుకోలేదు. మా చాప్టర్‌లో నన్నెవరూ ఏమీ అనలేదు. కానీ బ్రోచర్‌కి ఫొటో తీసేటప్పుడు నన్ను ముందు వరుసలోకి రమ్మనడం ఎన్నిసార్లో. మొదట్లో సంతోషంగానే ఉండేది.

బిడ్ డే (చేరమనే ఆహ్వానం, అంటే బిడ్, చేతికొచ్చే రోజు) తర్వాత కొన్ని వారాలు కొత్తవాళ్లకు పండగే. పెద్దక్కలాంటి ఒక 'బిగ్'ని ఇస్తారు, అది ఎవరో తెలిసే దాకా వారమంతా గుమ్మం ముందు కానుకల బుట్టలు. ఆ తర్వాత ఇనిషియేషన్, అంటే పూర్తి సభ్యురాలిగా చేర్చుకునే రహస్య వేడుక. దాని గురించి మాట ఇచ్చాను కాబట్టి రాయను. అమ్మలు అడిగేది మాత్రం చెప్తాను: చాలా పాత సంఘాలు క్రైస్తవ కాలేజీల్లో పుట్టినవి, ఆ వాసన కొన్నిటిలో మిగిలి ఉంది. మతం మారమని ఎవరూ అనరు. మీ మనసుకి ఇబ్బంది అనిపిస్తే ముందే అడగండి, చెప్పగలిగినంత చెప్తారు. ర్యాగింగ్ (అక్కడ హేజింగ్ అంటారు) భయం ఉంటే ఇంకో దారి ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం ప్రకారం కాలేజీలు హేజింగ్ చేసిన సంఘాల వివరాలు బయటపెట్టాలి. చేరబోయే చాప్టర్ పేరు అందులో ఉందేమో చూసుకోండి.

ఇక అక్టోబరు నుంచి అసలు జీవితం, అంటే మీటింగులు. వారానికొకసారి చాప్టర్ మీటింగ్, రాకపోతే ఫైన్. ప్రతి ఈవెంట్‌కీ పాయింట్లు, పాయింట్లు తగ్గితే ఫార్మల్ డాన్సుకి రానివ్వరు. ఒక ఏడాది మా ఊరి తెలుగువాళ్లు గుడి హాల్లో పెట్టిన బతుకమ్మ, మా చాప్టర్ ముఖ్యమైన ఈవెంట్ ఒకే రోజు పడ్డాయి. సెలవు ఫారంలో కారణాల పట్టీలో 'మతపరమైన పండుగ' ఉంది. దానికి రుజువు జతచేయమంది. నేను గుడి వాట్సాప్ గ్రూపులో వచ్చిన పోస్టర్ పెట్టాను, పైన తంగేడు పూలు, కింద 'పులిహోర, దద్దోజనం కలవు'. ఆమోదించారు.

మూడో ఏడాది నేను చాప్టర్ లెక్కలు చూశాను. ఈ సంస్థ ఎందుకిలా పరిగెడుతుందో అప్పుడు అర్థమైంది. హౌస్ అప్పు, వంటమనిషి జీతం, ఇన్సూరెన్స్, జాతీయ కార్యాలయానికి కట్టాల్సింది, ఇవేవీ సభ్యులు తగ్గినంత మాత్రాన తగ్గవు. ప్రతి మే నెలలో సీనియర్లు వెళ్లిపోతారు, వాళ్లతోపాటు వాళ్ల డ్యూస్ (సభ్యత్వ రుసుము) కూడా. ఆ గొయ్యి ఆగస్టులో పూడాలి. అందుకే వసంతంలో పరీక్షలున్నా రష్ వర్క్‌షాప్‌లు ఆగవు. అందుకే రెండో ఏడాది వాళ్లని హౌస్‌లో ఉండి తీరాలంటారు: ఖాళీ పడక అంటే నష్టం. నేను చూసే స్ప్రెడ్‌షీట్‌లో బాకీలున్న ఎర్ర గడులన్నీ నాకు తెలిసిన పేర్లే. డైనింగ్ హాల్లో నా ఎదురుగా కూర్చుని నవ్వుతూ పాస్తా తినే అమ్మాయికే రాత్రి 'బాకీ ఉంది, వాయిదాల్లో కట్టొచ్చు' అని మెయిల్ పెట్టాలి. పదిహేను రోజుల తర్వాత ఇంకోటి, ఈసారి కొంచెం గట్టిగా. ఇరవై ఏళ్లకే అప్పు వసూలు చేస్తూ స్నేహం చెడకుండా చూసుకోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఉద్యోగంలో నాకు పనికొచ్చేది అదే, డిగ్రీలో చదివిన ఏ సబ్జెక్టూ కాదు.

ఖర్చు క్యాంపస్‌ని బట్టి సెమిస్టర్‌కి కొన్ని వందల డాలర్ల నుంచి, హౌస్‌లో ఉండి తింటే కొన్ని వేల దాకా వెళ్తుంది. "ఫ్రెండ్స్‌కి ఫీజేంటే?" అంది మా అమ్మ మొదటి బిల్లు చూసి. కాగితం మీద కనపడని ఖర్చు వేరే: ప్రతి ఈవెంట్‌కీ ఒక టీ షర్టు, 'లిటిల్' (మనం బిగ్‌గా ఉండే కొత్తమ్మాయి) వచ్చాక కానుకల బుట్ట మనమే కొనాలి, ఫార్మల్‌కి గౌను. నా అల్మరాలో ఇంకా ఒకే సైజు టీ షర్టులు దొంతర్లుగా ఉన్నాయి, మా తమ్ముడు వాటితో కారు తుడుస్తుంటాడు.

మందు గురించి. ఈ 26 సంఘాల హౌసుల్లో మద్యం ఉండకూడదు, సంఘం పేరు గ్రీకు అక్షరాల్లో ఉన్న చొక్కా వేసుకుని తాగకూడదు. దాంతో పార్టీలన్నీ అబ్బాయిల ఫ్రాటర్నిటీ హౌసుల్లోనే. అంటే చోటూ, మందూ, తలుపూ అన్నీ వాళ్ల చేతుల్లో. ఈ నియమం అమ్మాయిల భద్రత కోసమే అంటారు, నాకు మాత్రం తలకిందుల ఏర్పాటులా అనిపిస్తుంది. ప్రతి పార్టీకీ తాగకుండా మిగతావాళ్లని కాచుకునే డ్యూటీ కొందరికి వేస్తారు. నేను తాగనని తెలిశాక ఆ డ్యూటీ నాకు పర్మనెంట్ అయింది. అర్ధరాత్రి పాన్‌కేకులు తినిపించి ఒక్కొక్కరినీ కార్లో దింపడం నా సోషల్ లైఫ్.

సేవా కార్యక్రమాల మీద జనం జోకులేస్తారు గానీ డబ్బు నిజంగానే వెళ్తుంది. ట్రై డెల్టా వాళ్లు సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రికి, కై ఒమేగా వాళ్లు మేక్ ఎ విష్‌కి, ఇలా ఒక్కో సంఘానికి ఒకటి. మిగతా వసంతమంతా ఎన్నికలు, ఫార్మల్, సీనియర్ల వీడ్కోలు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు.

ఇదంతా వద్దనుకునేవాళ్లకు దక్షిణాసియా అమ్మాయిలు పెట్టుకున్న సోరోరిటీలున్నాయి. 1998లో కొద్ది వారాల తేడాతో మూడు పుట్టాయి: ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. మా క్యాంపస్‌లోనూ ఒకటుండేది. చిన్న గుంపు, బంగళా లేదు, ఖర్చు తక్కువ, దీపావళికి సెలవు ఫారం నింపక్కర్లేదు. కానీ పదిహేను మందే అయితే ప్రతి పనీ మీ మీదే పడుతుంది, అది కూడా చూసుకోండి.

పెద్ద చాప్టర్‌కే వెళ్తానంటే రష్‌లో ఆఖరి రౌండ్ అయ్యాక ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. అందులో మీరు రాసిన హౌస్ బిడ్ ఇచ్చాక కాదంటే, ఆ క్యాంపస్‌లో మరుసటి ఏడాది రష్ దాకా ఇంకో హౌస్‌లో చేరలేరు. కాబట్టి ఇష్టం లేని పేరు వరుసలో రాయకండి. హౌస్‌లో ఉండే ఒప్పందం వేరే. మా దగ్గర చాప్టర్ మానేసినవాళ్లు కూడా ఏడాది చివరిదాకా అద్దె కట్టారు, వసూలు చేసిందాన్ని నేనే. ఎన్ని నెలలకు కట్టాలి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నది నాన్నగారితో కలిసి చదివి, అప్పుడు సంతకం పెట్టండి.