రాజోలు దీవిలో అద్దెకో వంటిల్లు

కోనసీమలో ఎక్కడ దిగాలి అని అడిగితే పదిమందిలో తొమ్మండుగురు దిండి అంటారు. అందులో తప్పేమీ లేదు. వరండాలో కూర్చుంటే ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతల ఒడ్డున చించినాడ, ఎటు చూసినా కొబ్బరి తోటలు. కానీ అంత దూరం వెళ్ళి, ఉన్నన్ని రోజులూ రిసార్టు మెనూలో పనీర్ బటర్ మసాలా, చికెన్ మంచూరియా తిని వచ్చేవాళ్ళను చూస్తే నాకు ఉక్రోషం ఆగదు. గోదారి జిల్లాకి వెళ్ళి పనీరా? అందుకే మా ఇంట్లో ఒక పట్టుదల మొదలైంది. వంటిల్లున్న ఇల్లు దొరికితేనే కోనసీమ, లేకపోతే లేదు. ఆ పట్టుదలతో రాజోలు దీవిలో రకరకాల చోట్ల దిగాం. కొన్నిచోట్ల కడుపు నిండింది, కొన్నిచోట్ల కన్నే నిండింది.

గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. కిందికి వచ్చాక వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. అటు వశిష్ఠ, ఇటు వైనతేయ, కింద బంగాళాఖాతం, ఈ మూడింటి నడుమ ఉన్నదే రాజోలు దీవి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు అన్నీ ఇందులోవే. 2022లో కోనసీమ జిల్లా వచ్చి అమలాపురం జిల్లా కేంద్రమైంది గానీ, దిండి వాళ్ళకి రైలెక్కాలంటే ఇప్పటికీ నది దాటి పాలకొల్లే. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు రాత్రి నరసాపురం రైలెక్కి, పొద్దున్నే పాలకొల్లులో దిగి ఆటో మాట్లాడుకుంటే చించినాడ వంతెన మీదుగా వచ్చేయొచ్చు. పిల్లలుంటే మాత్రం నరసాపురం దాకా వెళ్ళి, నది దాటించే పెద్ద పడవ, పంటు ఎక్కండి. కార్లు, బైకులు, పాల క్యాన్లు, పెళ్ళివాళ్ళు అందరూ ఒకే పంటు మీద సఖినేటిపల్లి రేవుకి చేరతారు. వరదొస్తే మాత్రం పంటు ఆపేస్తారు, అప్పుడిక వంతెనే గతి.

నదివార రిసార్టుల గురించి ఎక్కువ చెప్పను, వాటి ఫొటోలు అందరూ చూసే ఉంటారు. పర్యాటక శాఖ వాళ్ళదైనా ప్రైవేటు వాళ్ళదైనా నది పక్కనే, జనరేటరుంటుంది, దుప్పట్లు శుభ్రంగా ఉంటాయి. పెద్దవాళ్ళని తీసుకుని ఒక్క రాత్రికి వచ్చేవాళ్ళకి ఇదే సుఖం, వాదన లేదు. కానీ గదిలో టీ కాచుకునే కెటిల్ తప్ప ఏమీ ఉండదు. హౌస్‌బోటు కూడా అంతే. చీకటి పడితే బోటుని ఒడ్డుకి కట్టేస్తారు, వాళ్ళు వండిందే తినాలి. నీళ్ళ మీద నిద్రపోయాం అని చెప్పుకోవడానికి ఒక రాత్రి చాలు.

తరవాత చెప్పాల్సింది 'లేక్ వ్యూ కాటేజీ' సంగతి. ఊరి పేరు, ఇంటి పేరు వద్దులెండి. వంటగది ఉందని రాశారు, సరస్సు కనిపిస్తుందని రాశారు. వెళ్ళి చూస్తే సరస్సు కాదు, రొయ్యల చెరువు. రొయ్యల చెరువు పక్కన పడుకుంటే ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పనక్కర్లేదు. రొయ్యలకి రాత్రిపూట గాలి అందకపోతే తేలిపోతాయని ఏరియేటర్లు తెల్లవార్లూ తిప్పుతూనే ఉంటారు. కిటికీలు మూసుకుంటే ఉక్క, తీస్తే మోత. యజమానిని అడిగితే ఏ మాత్రం తడుముకోకుండా "అయ్యి కూడా నీళ్ళేగదండీ" అన్నాడు. ఇక వంటగది అంటే ఒక ఇండక్షన్ పొయ్యి, రెండు స్టీలు పళ్ళేలు, పూత లేచిపోయిన పెనం. రేవులో కొన్న మట్టి దాక ఇండక్షన్ మీద వేడెక్కదు. సాయంత్రం కరెంటు పోతే ఇన్వర్టరు ఫ్యాన్లనే మోస్తుంది గానీ పొయ్యిని మోయలేదు. ఆ రాత్రి బ్రెడ్డూ అరటిపళ్ళూ తిన్నాం. అరటిపళ్ళు మాత్రం అమృతం.

అప్పటినుంచి ఫోనులోనే అన్నీ గుచ్చి గుచ్చి అడుగుతున్నాను. గ్యాసు పొయ్యా, ఇండక్షనా? సిలిండరు నిండుగా ఉంటుందా, ఖర్చు ఎవరిది? కత్తిపీట ఉందా? పదిమందికి అన్నం వండే గిన్నె ఉందా? కత్తిపీట అన్న మాటకి అవతల నవ్వు వినిపిస్తే ఆ ఇల్లు మంచిదని నా లెక్క. తెల్లబోతే వద్దు. ఇంకో ప్రశ్న నీళ్ళది. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, పప్పు ఉడకదు, టీ విరిగినట్టుంటుంది. వంటకీ తాగడానికీ మంచినీళ్ళ టిన్నులు ఎవరు తెచ్చిపెడతారో ముందే తేల్చుకోవాలి.

ఇన్ని ప్రశ్నలకీ ఓపిగ్గా జవాబు చెప్పిన ఇల్లు మలికిపురం దగ్గర ఒక కొబ్బరి తోటలో దొరికింది. పెంకుటిల్లు, రెండు గదులు, ముందు అరుగు, వెనక వసారాలో వంట. లోపల రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, ఆరుబయట కట్టెల పొయ్యి, దాని పక్కన ఎండిన కొబ్బరి డొక్కలు, మట్టలు కుప్పగా. రోలు, కొబ్బరి కోరు, మట్టి దాకలు, మూకుళ్ళు అన్నీ ఉన్నాయి. ఫ్రిజ్ మరీ చిన్నది, మిక్సీ జారు మూత పగిలింది, బాత్రూము ఇంటికి పదడుగుల దూరంలో ఉంది. దోమలు సాయంత్రం ఆరు దాటగానే దండయాత్రకొస్తాయి. ఏసీ ఒక గదిలోనే. ఇవన్నీ ఉన్నా నేనైతే మళ్ళీ అక్కడికే వెళతాను. ఒక్క జాగ్రత్త చెప్పాలి, కారు కొబ్బరిచెట్టు కింద పెట్టకండి, పిల్లల మంచం అసలే వెయ్యకండి. రెండు నెలలకోసారి చెట్టెక్కి కాయలు దింపు తీస్తారు, దింపు దగ్గరపడే కొద్దీ కాయలు వాటంతటవే రాలతాయి.

ఆ తోట కాపలా ఆయన, ఆయన భార్య పక్కనే ఉంటారు. ఆవిడని మా పిల్లలు పిన్నిగారూ అనేవారు. పొద్దున్నే చేపల ఆవిడ సైకిలు మీద వస్తే బేరం పిన్నిగారే చేసింది, మేము నోరు మూసుకుని నిలబడ్డాం. పండుగప్ప తీసుకున్నాం. పొట్టు తీసి, బూడిద పూసి రుద్ది, కత్తిపీట మీద ముక్కలు కొట్టి ఇచ్చింది చేపలావిడ. తలకాయ పడెయ్యమని మావారు అంటే ఇద్దరూ ఆయన్ని అదోలా చూశారు. కట్టెల పొయ్యి మీద మట్టి దాకలో పులుసు మొదలుపెట్టాం. ఉల్లిముద్ద వేగి నూనె పైకి తేలేదాకా పిన్నిగారు మాట్లాడలేదు. నేను చింతపండు రసం పొయ్యబోతుంటే మాత్రం, "ఆగండమ్మా, అంత పోస్తే చేప రుచి సచ్చిపోద్దండి," అని గిన్నె లాగేసుకుంది. ముక్కలు వేశాక గరిట పెట్టనివ్వలేదు. "గరిట ముట్టుకుంటే ముక్క చితికిపోద్దండి. గుడ్డ పట్టుకుని దాకనే ఇలా కుదపండి." పులుసు చిక్కబడ్డాక మంట లాగేసి నిప్పుల మీద వదిలేసింది. అప్పుడు తినొద్దంది, తెల్లారి తినమంది. మేం ఆగలేదు, సగం రాత్రే తిన్నాం. మిగిలిన సగం పొద్దున వేడన్నంలో వేసుకున్నాక ఆవిడ చెప్పింది నిజమని ఒప్పుకున్నాం. ఏ రిసార్టులోనూ ఈ పులుసు దొరకదు, ఎందుకంటే నిన్నటి పులుసు వడ్డించే రెస్టారెంటు ఎక్కడా ఉండదు.

పులస మాటేమిటని అడుగుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ, అది ఎర్రనీళ్ళు తగిలే జులై, ఆగస్టుల సంగతి. సముద్రంలో ఉన్నన్నాళ్ళు ఇలస, వరదకి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. చలికాలంలో మీకెవరైనా పులస అని అమ్మితే ఇలస అనుకుని బేరం ఆడండి. చేప తినని వాళ్ళకీ ఇక్కడ లోటు లేదు. కంద బచ్చలి, అరటిదూట, లంక వంకాయలు, ఇంటి వెనక కొబ్బరి. కొబ్బరి కోరి వండిన అన్నంతో పిల్లలు రెండు పూటలు గడిపారు.

అసలు చిక్కు వేరే ఉంది. సొంత వంట సెలవులు అంటే మగవాళ్ళకి సెలవులు, ఆడవాళ్ళకి ఊరు మారిన వంట అని మా తోటికోడలు మొదటి రోజే అనేసింది. న్యాయమైన మాటే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున టిఫిను బయటే, మలికిపురం సెంటరులో ఇడ్లీ, మినపరొట్టె. మధ్యాహ్నం పిన్నిగారు వండిపెడుతుంది, దానికి డబ్బు వేరే, ముందే మాట్లాడుకున్నాం. రాత్రి వంట మాది, కూరలు తరగడం, అంట్లు తోమడం మగవాళ్ళవి. రెండో రోజుకి మా మరిది పొయ్యి దగ్గర నుంచి లేవనని మొండికేశాడు, అది వేరే కథ. ఈ ఒప్పందం కుదరని ఇంట్లోవాళ్ళు హాయిగా రిసార్టుకే వెళ్ళండి, పనీరు తినండి, నేనేమీ అనను.

మండువా లోగిళ్ళలో హోమ్‌స్టేలు కూడా ఉన్నాయి. నడిమధ్య వాన పడే మండువా, చుట్టూ స్తంభాల వసారా, పాతకాలపు పందిరిమంచాలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ అక్కడ వంటిల్లు వాళ్ళది. మనం అడుగు పెడితే మర్యాదగానే బయటకి పంపుతారు, నీసు అసలే కుదరదు. భోజనం మాత్రం అరిటాకు నిండా పెడతారు, పనసపొట్టు కూరకి ఆవ ఘాటు ముక్కుకి తగిలేలా. వంట చెయ్యకుండా ఇంటి భోజనం కావాలనుకునేవాళ్ళకి ఇదే సరైన చోటు.

ఎప్పుడు వెళ్ళాలి అంటే కార్తీకం నుంచి మాఘం దాకా. ఎండాకాలంలో కాలువ గట్టు మీది కాటేజీ తీసుకునేవాళ్ళకి ఒక మాట. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పటి నుంచీ ఈ కాలువలే డెల్టాకి ప్రాణం, కానీ వేసవిలో మరమ్మతులకని వాటిని కట్టేస్తారు. ఫొటోలో పచ్చగా పారే కాలువ మే నెలలో బురదా, గుర్రపుడెక్కా. వానాకాలంలో వెళితే ధవళేశ్వరం మట్టం చూసుకోండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది పడిందంటే నది నడుమ లంకల్లో ఇల్లు తీసుకున్నవాళ్ళు ప్రయాణం మానుకోవడమే మంచిది, కాజ్‌వేలు మునిగితే అవతలివాళ్ళు అవతలే. 2022 జులైలో మూడోదీ దాటింది, లంక ఊళ్ళు పడవల మీదే బతికాయి.

తిరగడానికి ఒక కారూ ఒక పూటా చాలు. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాం. 2020 సెప్టెంబరులో కాలిపోయిన రథం స్థానంలో చేయించిన కొత్త రథం అక్కడ షెడ్డులో ఉంది. వైనతేయ పక్కన ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది, జనం ఉండరు, నాకు అన్నింట్లోకీ నచ్చింది అదే. అక్కణ్ణుంచి బాలబాలాజీ గుడి ఉన్న అప్పనపల్లి దగ్గరే. శంకరగుప్తం డ్రెయిను వెంబడి వెళ్ళేటప్పుడు మాత్రం మనసు చివుక్కుమంటుంది. సముద్రపు పోటునీరు ఎక్కి కొబ్బరిచెట్లు తలలు రాలి మోడుల్లా నిలబడ్డాయి. బీచ్ ఫొటోలు పెట్టేవాళ్ళెవరూ ఆ తోటల ఫొటోలు పెట్టరు.

సంక్రాంతికి ఈ దీవిలో గది దొరకడం గగనం. కోడిపందేలకి వచ్చే జనంతో అద్దెలు రెట్టింపు పైనే, తోట ఇల్లు కూడా దసరాకే నిండిపోయిందన్నారు. మేం ఈసారి పండగ వెళ్ళాక అడిగాం, ఖాళీ ఉందన్నారు. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి నాడు రథం, ఆ రెండు రోజులూ మలికిపురం రోడ్డు మీద కారు కదలదు. అవి దాటాకే బయల్దేరుతున్నాం. పగిలిన మిక్సీ మూత మార్చారో లేదో తెలీదు, జారు మేమే పట్టుకెళుతున్నాం.