రోజుకో ఫొటోనా, వారానికో అంశమా, ఆదివారం ప్రయాణమా?

ఫొటోలో ఏది ఎక్కడ ఉండాలో కంటికి అలవాటు కావాలంటే మూడు సలహాలు వినిపిస్తాయి. ఏడాది పొడవునా రోజుకో ఫొటో తీయమంటారు కొందరు. వారానికో అంశం పెట్టుకుని ఇంట్లోనే సాధన చేయమంటారు ఇంకొందరు. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని ఎటైనా వెళ్లమంటారు మిగిలినవాళ్లు. నెల్లూరులో ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి మధ్య ఫోనుతోనే ఫొటోలు తీసుకునే నేను రెండోదానికే ఓటు వేస్తాను, ఒక షరతు మీద.

ప్రయాణం సంగతి ముందు తేల్చేద్దాం. మనకు చోట్లకు కొదవ లేదు. మైపాడు తీరం ఉంది, ఉదయగిరి కోట ఉంది, శీతాకాలంలో పులికాట్‌కు రాజహంసలు వస్తాయి, నేలపట్టులో గూడబాతులు గూళ్లు కడతాయి. (పులికాట్, నేలపట్టు ఉన్న సూళ్లూరుపేట వైపు 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా ఆ పక్షులను మనవి అనుకోవడం మానలేదు.) చిక్కేమిటంటే, అక్కడ సగం పని చోటే చేసిపెడుతుంది. మైపాడులో సూర్యోదయాన్ని ఎవరు తీసినా ఇంట్లో అందరూ బాగుందంటారు, కూర్పు కుదిరిందో లేదో ఎవరూ చూడరు. రాజహంసలైతే ఫోనులో గులాబీ చుక్కలు. వాటికి పొడవాటి లెన్సు కావాలి, అప్పుడు సాధన కంటికి కాక లెన్సుకు జరుగుతుంది. ఇంటికొచ్చి తప్పు కనిపెట్టినా, సరిదిద్దుకోవడానికి మళ్లీ ఆదివారం రావాలి, ఆ వెలుగూ రావాలి.

రోజుకో ఫొటో అంతకంటే నయం. కొత్తగా మొదలుపెట్టేవారికి మొదటి నెల అదే మంచిది, కన్ను ఊరికే ఉండదు. ఆ తర్వాతే అది బాకీగా మారుతుంది. రాత్రి పది గంటలకు గుర్తొచ్చి, ట్యూబ్‌లైటు కింద నీళ్ల గ్లాసునో చెప్పుల జతనో తీసి లెక్క సరిచేసుకుంటాం. ఈ రోజు చెప్పులు, రేపు మొక్క, ఎల్లుండి పిల్లి. ఏ చిక్కుతోనూ రెండో రోజు కూర్చోము. ఇంట్లోవాళ్లకూ విసుగే. "అబ్బాయ్, అది పక్కన పెట్టి ముందు కాఫీ తాగు" అని మా అమ్మ అనే మాటలో న్యాయం ఉంది.

వారానికో అంశంలో ఉన్న లాభం ఈ రెండో రోజే. అదే వంటగది, అదే కిటికీ, ఏడున్నరకు అదే ఏటవాలు వెలుగు, అదే మనిషి. "చట్రంలో చట్రం" అనే అంశం తీసుకోండి. వంటగది గుమ్మమే చట్రం, లోపల దోసెలు పోస్తున్న అమ్మ. నిలబడి తీస్తే వెనుక స్టీలు డబ్బాల వరస అడ్డొచ్చి, ఆమె తల మీద డబ్బా మొలిచినట్టుంటుంది. మర్నాడు ఒక్క అడుగు ఎడమకు జరిగితే తల ఖాళీ గోడ మీదకు వస్తుంది, కానీ గుమ్మం ఒకవైపు తెగిపోతుంది. ఆ మర్నాడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చూస్తే గుమ్మం నాలుగు అంచులూ నిలబడతాయి, కిటికీ వెలుగు పెనం మీది ఆవిరికి వెనుక నుంచి తగులుతుంది. ఆవిరి కనిపించాలంటే వెలుగు వెనుక నుంచి రావాలి, దాని వెనుక నల్లగా ఏదైనా ఉండాలి. మా ఇంట్లో ఆ నలుపు అలమర తలుపు.

ఇప్పుడు షరతు. అంశం వస్తువు పేరు కాకూడదు, అమరిక పేరు కావాలి. "తిండి" అని పెట్టుకుంటే చేపల పులుసు దాకను ఫ్రేము నడుమ పెట్టి తీసి, వారం అయిపోయిందనుకుంటాం. "మూడింట రెండు వంతులు ఖాళీ" అని పెట్టుకుంటే అదే దాక మూలకు పోవాలి. అప్పుడు మిగిలిన నల్లరాతి గట్టు కనిపిస్తుంది, దాని మీద మామిడికాయ టెంక ఉండాలా తీసేయాలా అన్న ప్రశ్న వస్తుంది. కూర్పు నేర్చుకోవడమంటే ఆ టెంక దగ్గర తేల్చుకోవడమే. "వాలు గీతలు", "నేల మీద నుంచి", "మనిషి లేకుండా మనిషి జాడ" వంటివి పనికొచ్చే అంశాలు. "పూలు", "నవ్వులు" వంటివి వదిలేయవచ్చు.

ఫ్రేమును నిలువుగా, అడ్డంగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల దగ్గర పెట్టమనే మూడు వంతుల నియమాన్ని మొదటి వారాల్లో ఒక అంశంగా వాడుకుని, ఆ పైన ఫోనులో ఆ గీతలు చూపే గ్రిడ్ తీసేయమనే చెబుతాను. ఆ నియమానికి పేరు పెట్టినది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిషు చిత్రకారుడు, 1797లో, ప్రకృతి దృశ్యాల చిత్రాల గురించి రాస్తూ. అప్పటికి ఫొటోగ్రఫీయే లేదు, అది లోకానికి తెలిసింది 1839లో. దాన్ని మన వంటగదిలో శాసనంగా పాటించనక్కర్లేదు.

ఫోను మాట వచ్చింది కాబట్టి ఒకటి. మామూలు లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది, దగ్గరికి వెళ్లి ముఖం తీస్తే ముక్కు ఉబ్బుతుంది. రెండింతల జూమ్‌లో పెట్టి, మీరే వెనక్కి నడవండి. అనవసరమైనవి చాలావరకు ఫ్రేములోంచి వాటంతట అవే పోతాయి.

ఇంట్లోవాళ్లను కలుపుకోవడంలోనూ వారం పద్ధతే మేలు. అంశం కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తే పిల్లలూ పాల్గొంటారు. వాళ్ల ఎత్తు నుంచి భోజనాల బల్ల అంచు నేల, ఆకాశం కలిసే గీతలా ఉంటుందని మనకు తట్టదు. "ఇటు చూడు, నవ్వు" అనడం మాత్రం అందరికీ నిషేధం.

ఏ అంశం ఎప్పుడన్నది ఊరి వాతావరణాన్ని బట్టి వేసుకోవాలి. "పైనుంచి సూటిగా" సంక్రాంతికి, మేడ మీద నుంచి ముగ్గు కోసం. "నీడలు" ఏప్రిల్ చివరలో పెట్టుకోవద్దు. ఆ రోజుల్లోనూ, మళ్లీ ఆగస్టు నడుమనూ మనకు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ల కిందే ఉంటుంది. డిసెంబరు, జనవరిలో అయితే మధ్యాహ్నం కూడా దండెం మీద చీరల నీడ డాబా మీద పొడవుగా పడుతుంది. "ప్రతిబింబాలు" అక్టోబరు, నవంబరులకు దాచుకోండి, మనకు పెద్ద వానలన్నీ ఈశాన్య రుతుపవనాలతోనే కదా. వాన తెరిపివ్వగానే వీధిలోకి దిగాలి. ఆటోలు తిరగడం మొదలైతే గుంటలో నీళ్లు బురదవుతాయి.