జాగ్రత్త: ఇంగ్లిషు డెమో చూసి తెలుగు ఫైళ్లకు సెర్చ్ టూల్ కొనకండి

వెబ్‌సైట్‌లో పాత సంచికలు, పుస్తకాలు పీడీఎఫ్‌లుగా పెట్టుకుని, వాటిలో మాటలు వెతికే సౌకర్యం కొనాలనుకుంటున్న గ్రంథాలయాలు, సాహిత్య సంస్థలు, పత్రికల వారు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

మా సంస్థ ఏడాది చందా కట్టి ఒక కంపెనీ దగ్గర ఇలాంటి టూల్ తీసుకుంది. డెమో అద్భుతంగా ఉంది. అందులో వాళ్లు వెతికి చూపించినది ఒక ఇంగ్లిషు వార్షిక నివేదిక. మా ఫైళ్లన్నీ ఎక్కించాక ‘కవిత్వం’ అని కొడితే ఒక్క ఫలితమూ రాలేదు. కవిత్వం లేకుండా మేము ఏ సంచికా వేసి ఎరుగం! అడిగితే లోపం మీ ఫైళ్లలోనే ఉందన్నారు. అది నిజమే, కానీ ఆ నిజం చందా కట్టకముందు చెప్పాల్సింది.

అను ఫాంట్లతో డీటీపీ చేసిన పుస్తకం మన కంటికి తెలుగే, కంప్యూటర్‌కు కాదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో ఒక్కో స్థానం కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ సొంత స్థానాలున్నా, అలాంటి పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లోనే తెలుగు రూపాలను సర్దుకున్నాయి. ఇక స్కాన్ చేసిన పేజీ వట్టి బొమ్మ. పరీక్ష సులువు: పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు, అసలు ఏదీ ఎంపిక కాకపోతే స్కాన్. మొదటిదానికి యూనికోడ్ మార్పిడి గానీ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠ్యంగా మార్చడం) గానీ కావాలి, రెండోదానికి ఓసీఆర్ తప్పదు. అది చేయకుండా ఎంత ఖరీదైన టూల్ పెట్టినా దండగే.

ఓసీఆర్‌కు విడిగా, పేజీకి ఇంత అని బిల్లు వేశారు. ధర మాట్లాడుకున్నప్పుడు ‘డాక్యుమెంటు’ అంటే మేము ఒక సంచిక అనుకున్నాం, బిల్లులో అది ఒక పేజీ అయింది. టెసెరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్ 2005 నుంచి ఉచితంగా, మూలకోడ్‌తో సహా దొరుకుతోంది, తెలుగు కూడా చదువుతుంది. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే మరో ఉచిత ప్రోగ్రామ్ దాన్ని వాడి పీడీఎఫ్‌లోనే పాఠ్యాన్ని చేరుస్తుంది. పాత అచ్చులో ప, వ తారుమారవుతాయి, వత్తులు ఎగిరిపోతాయి, కాబట్టి మనిషి దిద్దక తప్పదు. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ఆ దిద్దేవారికి పెట్టండి.

పాఠ్యం శుభ్రంగా ఉన్నా ఇంకో చిక్కుంది. ఉదాహరణకు, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో మాటలు వెతికే భాగమైన ఎఫ్‌టీఎస్5 మామూలు సెట్టింగుల్లో అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా లెక్కిస్తుంది. మన గుణింతాలు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో ‘చిహ్నాలు’, అందుకని వాటి దగ్గర మాట తెగిపోతుంది. ‘కవిత్వం’ కాస్తా ‘కవ’, ‘త’, ‘వ’ అవుతుంది. ‘పులి’ వెతికితే పాలు, పూలు కూడా వచ్చిపడతాయి. ఒక సెట్టింగు మారిస్తే సరిపోయే విషయమిది, కానీ అమ్మేవాళ్లకు తెలుగు రాకపోతే ఎవరు మారుస్తారు? విభక్తుల సంగతీ అంతే. ‘పుస్తకం’ అని వెతికినవారికి ‘పుస్తకాన్ని’, ‘పుస్తకాలలో’ కూడా దొరకాలి. లూసీన్ అనే సెర్చ్ ఇంజిన్ 9 శ్రేణి వెర్షన్లలో దీనికోసం తెలుగు విశ్లేషకం ఉంది. మీకు అమ్మే టూల్ కింద ఏ ఇంజిన్ నడుస్తోందో, ఏ వెర్షనో అడగండి. మా కంపెనీ ప్రతినిధి ‘మాది ఏఐ’ అని ఊరుకున్నాడు.

డెమోకు మీ ఫైళ్లే ఇవ్వండి: అను ఫాంటుది ఒకటి, పాత స్కాన్ ఒకటి, కొత్త యూనికోడ్‌ది ఒకటి. మీ ఎదుటే ‘పులి’ వెతికించండి. ‘వాడు’ అని కొడితే అరసున్నతో అచ్చయిన ‘వాఁడు’ రావాలి, 1935 అని కొడితే ౧౯౩౫ రావాలి. ‘అవన్నీ తర్వాత సెట్ చేస్తాం’ అంటే చెక్కు కూడా తర్వాతే ఇవ్వండి.

ఒప్పందంలో ఒక వాక్యం తప్పకుండా రాయించండి: ఓసీఆర్‌లో వచ్చిన పాఠ్యమంతా కొన్నవారిదే, అడిగిన రోజున ఫైళ్లుగా ఇవ్వాలి అని. మా పాఠ్యం ‘ఇండెక్సులో భాగం’ అంటూ ఇప్పటికీ వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు, చందా పునరుద్ధరిస్తేనే చూడనిస్తారట.