ఇంటి పెరట్లో వేప మొద్దు తీయించిన జట్టు పనితనం

ఒంగోలులో చెట్టు మొద్దులు తవ్వి తీసే కూలీల జట్లు చాలానే ఉన్నాయి. ఈ వేసవిలో మా పెరట్లో పనిచేసిన జట్టుకు తవ్వకంలో పూర్తి మార్కులు ఇస్తాను, గుంత పూడ్చడంలో మాత్రం సగం కూడా ఇవ్వలేను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఒరిగిన వేప చెట్టును అప్పట్లోనే కొట్టించాము గానీ, ప్రహరీ గోడకూ నీళ్ల సంపుకూ నడుమ దాని మొద్దు మిగిలిపోయింది. వేప మొద్దును అలా వదిలేస్తే వాన పడినప్పుడల్లా పిలకలు వేస్తూనే ఉంటుంది. ఎండిన వేళ్లకు చెదలు పడితే అవి ఇంట్లోని చెక్క సామాను దాకా రావడానికి ఎంతో కాలం పట్టదు.

జేసీబీని పిలవమని చెప్పినవారే ఎక్కువ. ఖాళీ స్థలంలోనైతే అంతకంటే తేలికైన మార్గం లేదు, నేనూ కాదనను. అయితే ఇరుకు పెరట్లో ఆ యంత్రం మొద్దుతో పాటు దాని వేళ్లు పెనవేసుకున్న మట్టినీ, ఆ మట్టిలోని పైపునూ, ఒక్కోసారి గోడ పునాది రాళ్లనూ కలిపి పైకి లేపుతుంది. పైన కరెంటు తీగలు ఉంటే దాని చేయి తిరగడానికే చోటు ఉండదు. మొద్దుకు రంధ్రాలు వేసి ఉప్పు నింపితే ఆ నేలలో తర్వాత మొక్క బతకడం కష్టం. డీజిలు పోసి తగలబెట్టడం అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే పైన మంట ఆరినట్టు కనిపించినా లోపల వేళ్ల వెంట నిప్పు రాజుకుంటూనే ఉంటుంది.

ఈ జట్టు మేస్త్రీ వచ్చీ రాగానే గునపం పట్టలేదు. "అమ్మా, పంపు లైను ఎటు పోతుందో, మోటారు వైరు ఎక్కడ పూడ్చారో ముందు చూపించండి, ఆ తర్వాతే మట్టి తీస్తాం" అన్నాడు. నేను చూపించిన తరువాత కూడా సన్నని ఇనుప ఊచను నేలలోకి మెల్లగా దించుతూ, ఊచ ఆగిన చోటల్లా చేత్తో మట్టి తోడి, తగిలింది వేరో పైపో చూసుకుని సున్నంతో గుర్తులు పెట్టాడు. మాది నల్లరేగడి నేల. ఎండాకాలంలో రాయిలా బిగుసుకుంటుంది, ఎక్కువ తడిస్తే పారకు అంటుకుని వదలదు. అందుకే ముందురోజు సాయంత్రమే కొద్దిగా నీళ్లు పెట్టి ఉంచమని ఫోనులోనే చెప్పాడు. చెట్టు కొట్టినవాళ్లు మొద్దును నడుమెత్తున వదలడం చూసి సంతోషించాడు. నేలమట్టానికి కోసేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, తాడు కట్టడానికీ ఊపడానికీ పట్టు దొరకదట.

మొద్దు చుట్టూ రెండడుగుల లోతున కందకంలా తవ్వి, బయటపడిన ప్రతి పక్కవేరునూ రెండు చోట్ల నరికి ఆ ముక్కను బయటికి తీశారు. అలా చేస్తేనే లోపల గొడ్డలి ఆడడానికి చోటు వస్తుంది. మట్టి అంటిన వేరు మీద చైన్ రంపం పెట్టలేదు, ఎందుకంటే ఇసుక రేణువులకు దాని పళ్లు మొద్దుబారడమే కాక, రంపం ఎగిరి మనిషి మీదికి వచ్చే ప్రమాదం ఉంది. నాకు బాగా నచ్చింది గోడ వైపు వేళ్ల విషయంలో వారి తీరు: ముంజేతి లావున్న ఒక వేరు ప్రహరీ కిందికి దూరి ఉంటే, దాన్ని లాగకుండా గోడకు అడుగు ఇవతలే తెగనరికి మిగతాది అక్కడే వదిలేశారు. దాన్ని బలవంతంగా పెకలిస్తే పునాది కదిలేది. చివరకు తల్లివేరును నరికిన తరువాతే, బోరు మోటార్లు పైకి తీసే మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి చైన్ పుల్లీతో మొద్దును లేపారు. గొలుసు బిగిసినంతసేపూ ఎవరినీ దాని వరుసలో నిలబడనివ్వలేదు. పిట్టగోడ దగ్గరికి వచ్చిన పక్కింటి పిల్లలను రెండుసార్లు పంపేశారు.

ఇంత జాగ్రత్త తెలిసినవారు తమ ఒంటి సంగతి పట్టించుకోకపోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు. గొడ్డలి దెబ్బకు పేళ్లు ఎగిరిపడుతుంటే ఒక్కరి కళ్లకూ అద్దాలు లేవు, కాళ్లకు హవాయి చెప్పులే ఉన్నాయి. అడిగితే నవ్వి ఊరుకున్నారు.

గుంత పూడ్చడంలోనే అసలు లోపం కనిపించింది. జానెడు మందాన మట్టి వేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ పై వరుస వేయాలి. వీరు తవ్విన మట్టినంతా ఒకేసారి నెట్టి పైన కాళ్లతో తొక్కి వెళ్లిపోయారు. మొదటి గట్టి వానకే అక్కడ నేల కుంగి, సంపు గట్టు పక్కన నీరు నిలిచింది. మళ్లీ ఒక ట్రాక్టరు గ్రావెల్ తోలించుకుని దిమ్మిస వేయించుకోవలసి వచ్చింది, ఆ ఖర్చు నాదే. మొద్దు, వేళ్లు తమకే చెందుతాయని చివర్లో చెప్పడం కూడా ముందు మాటల్లో లేనిది. వంటచెరకుగా వేపకు ధర ఉంది కాబట్టి దాన్ని కూలిలో తగ్గించమని మొదటే అడగవచ్చు. మొత్తం పనికి రూ. 4,500 గుత్తగా తీసుకున్నారు. పని కష్టం చూశాక అది ఎక్కువ అనిపించలేదు.

పెరటి చివర ఒక కొబ్బరి మొద్దు కూడా ఉంది. కొబ్బరికి తల్లివేరు ఉండదు, సన్నని పీచువేళ్లే. నరికిన మొదలు మళ్లీ చిగురించదు కూడా. అందువల్ల తొందరేమీ లేదు గానీ, తీయించేటప్పుడు ఇదే జట్టును పిలుస్తాను. దిమ్మిస వేసి గుంత పూడ్చిన తరువాతే సగం డబ్బు ఇస్తానని బేరంలోనే చెబుతాను.