నిజం మొక్కలా, ప్లాస్టిక్ మొక్కలా: మొదటి అక్వేరియానికి ఏవి మేలు?

మా తమ్ముడి కొడుకు చెన్నైలో అక్వేరియం చేపలు అమ్మే కొళత్తూరు వెళ్ళి మొదటి ట్యాంకు, ఒక ఫైటర్ చేప, ఎర్రటి ప్లాస్టిక్ మొక్కల కట్ట తెచ్చుకున్నాడు. "నిజం మొక్కలు చచ్చిపోతాయి పెదనాన్నా, కొత్తవాళ్ళకు ఇవే మేలన్నారు" అన్నాడు. వారం తిరక్కముందే ఫైటర్ తోక చీలింది. పాత నైలాన్ సాక్సును ఆ ప్లాస్టిక్ ఆకు అంచు మీద లాగి చూపించాను. దారాలు పట్టుకుని లేచొచ్చాయి.

ప్లాస్టిక్‌కు లైటు అక్కర్లేదు, పాచి పడితే తీసి కడుక్కోవచ్చు. కానీ నీళ్ళకు అది చేసే మేలేమీ లేదు. కొత్తవాళ్ళు ముద్దుకొద్దీ మేత ఎక్కువ వేస్తారు. మిగిలిన మేత, చేపల మలం కుళ్ళి చేపలకు విషమైన అమ్మోనియా అవుతుంది. దాన్ని అంత హాని చేయని రూపంలోకి మార్చే బాక్టీరియా ట్యాంకులో కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ రోజుల్లోనే చేపలు ఎక్కువగా పోతాయి. బతికున్న మొక్క ఆ అమ్మోనియాలో కొంత పీల్చుకుంటుంది. నీళ్ళు మార్చే పని తప్పదు కానీ, చేపకు కాస్త ఊపిరి ఆడుతుంది. అందుకే కొత్తవాళ్ళకే నిజం మొక్కలు ఎక్కువ అవసరమని నా నమ్మకం.

అయితే ఏ మొక్క పడితే అది కాదు. ఎర్రాకు రకాలు చాలావరకు గట్టి లైటు, కార్బన్ డయాక్సైడ్ అడుగుతాయి, ఇప్పుడే వద్దు. అనుబియాస్, జావా ఫెర్న్ చాలు. వాటి లావుపాటి కాడను ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది, రాయికో చెక్కకో దారంతో కట్టాలి. బోరు నీళ్ళు ఉప్పగా, సబ్బు నురగ రానంత గట్టిగా ఉంటే వాలిస్నేరియా పెట్టండి. కొత్తలో పాత ఆకులు కరిగిపోతే కంగారుపడకండి, అవి తీసేసి కొత్త చిగురు కోసం ఆగండి.

లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు, ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం వద్దు. చెన్నై మే నెలలో ట్యాంకు నీళ్ళు 30 డిగ్రీలు దాటతాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, రాత్రిళ్ళు మొక్కలూ దాన్నే వాడుకుంటాయి. గాలి పంపు ఆపకండి.

గోల్డ్‌ఫిష్ ఉంటే నా మాట వేరు. అవి చాలా మొక్కల్ని పీకి తినేస్తాయి. అక్కడ మెత్తటి గుడ్డతో చేసిన మొక్కలే నయం.

మావాడి ఫైటర్ ఇప్పుడు అనుబియాస్ ఆకు మీద ఒరిగి పడుకుంటోంది. చీలిన తోక చివర, సెల్లోఫేన్ కాగితంలా పలచగా కొత్త పొర వస్తోంది.