నెరిసిన నల్ల ప్లాస్టిక్‌కు సిరామిక్ పూత: ఎనిమిది నెలల తర్వాత

కారు పెయింటు ఎంత మెరుస్తున్నా, బంపర్ అడుగుభాగమూ తలుపుల పట్టీలూ వైపర్ల కింది పలకా నెరిసిపోతే బండి వయసు దాగదు. నా కారుకు ఏడేళ్లు నిండేసరికి ఆ నల్ల ప్లాస్టిక్ అంతా సుద్ద పూసినట్లు తెల్లబారింది. దానికోసం తెప్పించుకున్న సిరామిక్ రకం ట్రిమ్ రిస్టోరర్ (నెరిసిన ప్లాస్టిక్ భాగాలకు నలుపు తిరిగి తెచ్చే పూత) కిట్‌ను ఎనిమిది నెలలు గమనించాక ఈ సమీక్ష రాస్తున్నాను. పెట్టెలో 30 మిల్లీలీటర్ల సీసా, రెండు స్పాంజీ ముక్కలు, ఒక మైక్రోఫైబర్ గుడ్డ, ఒక జత చేతితొడుగులు, అగ్గిపెట్టెంత సూచనల కాగితం ఉన్నాయి. ఆ కాగితం చెప్పకుండా వదిలేసిన విషయాల మీదే నాకు వచ్చిన ఫలితమంతా ఆధారపడింది కాబట్టి, ద్రవం కంటే ముందు వాటి గురించే చెప్పవలసి ఉంది.

పెయింటు వేయని ఈ భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో, తరచుగా అందులో రబ్బరు కలిపి తయారవుతాయి. విప్పిన భాగాన్ని వెనక్కి తిప్పి చూస్తే పీపీ (పాలీప్రొపిలీన్) అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) అనో అచ్చు కనిపిస్తుంది. దాని పక్కన టీడీ 20 అని ఉంటే నూటికి 20 పాళ్లు టాల్క్ పొడి కలిపారని అర్థం. నలుపు కోసం వేసే కార్బన్ బ్లాక్ అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది గానీ, ఏళ్ల తరబడి ఎండా గాలిలోని ఆక్సిజనూ కలిసి పైపొరలోని పొడవాటి అణుగొలుసులను తెంచుతూనే ఉంటాయి. అలా పెళుసెక్కిన పైపొరలో కంటికి ఆనని పగుళ్లు ఏర్పడి, వాటిమీద పడిన వెలుతురు నలువైపులా చెదరడంతో మనకు బూడిదరంగు కనిపిస్తుంది. లోపలి నలుపు ఎక్కడికీ పోదు. కడిగేటప్పుడు తడి ఉన్నంతసేపూ ప్లాస్టిక్ మళ్లీ నల్లగా కనిపించడానికి కారణం నీరు ఆ పగుళ్లను నింపడమే. ప్లాస్టిక్ మెరవడానికి పూసే సిలికాన్ నూనె డ్రెస్సింగులు చేసే పని కూడా అంతే. కాకపోతే నీటికంటే నాలుగు రోజులు ఎక్కువ నిలిచి, ఆలోగా దుమ్మును పట్టుకుని, గట్టి వాన పడగానే పెయింటు మీదికి చారలుగా దిగుతాయి. ఈ కిట్‌లోని ద్రవం మాత్రం పగుళ్లలోకి దిగి అక్కడే గట్టిపడుతుంది.

ప్లాస్టిక్ భాగాలను విప్పి పూయాలా, బండి మీదే పూయాలా అన్న ప్రశ్నకు సూచనల కాగితంలో సమాధానం లేదు. వైపర్ల కింది పలకను విప్పడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే దాని జాలీ సందుల్లోకి, అద్దం అంచు కిందికి బండి మీద ఉండగా చేయి సరిగా పోదు. ముందుగా వైపర్ బ్లేడు ఆగే చోట అద్దం మీద మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే తిరిగి బిగించాక వైపర్ తన చోటు మరిచిపోతుంది. నట్టు విప్పిన తర్వాత కూడా వైపర్ చెయ్యి ఇరుసు పళ్లలో ఇరుక్కునే ఉంటుంది, దాన్ని అటూ ఇటూ మెల్లగా ఊపి తీయాలే గాని స్క్రూడ్రైవర్‌ను అద్దానికి ఆనించి ఎత్తకూడదు. ప్లాస్టిక్ క్లిప్పుల విషయంలో నడిమి పుల్లను ముందు పైకి లేపి, ఆ తర్వాతే క్లిప్పును లాగాలి. ఇంత తెలిసీ నేను రెండు క్లిప్పులు విరగ్గొట్టాను; ఏడేళ్ల ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి అదనపు క్లిప్పులు ముందే తెచ్చుకోవడం మేలు. పలక తీయగానే నీరు పోయే రంధ్రాల దగ్గర దోసెడు ఎండుటాకుల చెత్త బయటపడింది, ఆ ఒక్క కారణంగానైనా విప్పిన శ్రమ వృథా కాలేదు.

తలుపుల మీది పట్టీలు వేరే సంగతి. అవి డబుల్ సైడ్ టేపుతో అంటించినవి. తీయాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, వెనక నుంచి చేపల గాలానికి వాడే నైలాన్ తీగతో రంపంలా కోయాలి, మిగిలిన జిగురును శుభ్రం చేయాలి, కొత్త టేపుతో మళ్లీ తిన్నగా అంటించాలి. పట్టీ ఊడిపోతుంటే తప్ప అంత పని పెట్టుకోనక్కరలేదు. చుట్టూ మాస్కింగ్ టేపు వేసి బండి మీదే పూస్తే సరిపోయింది.

శుభ్రపరచడం మీద ఆ కాగితంలో ఒకే వాక్యం ఉంది, నాకు మాత్రం ఒక పూటంతా పట్టింది. పలుచన చేసిన, జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో, గట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దుతుంటే నురుగు చాలాసేపు బూడిదరంగులోనే వచ్చింది. వెనక బంపర్ మూల నెరిసిందనుకున్నది తీరా చూస్తే ఎప్పటిదో వాక్స్ మరక, కడగ్గానే పోయింది. ఇలా కొంత ప్లాస్టిక్‌కు అసలు మందే అక్కరలేకపోవచ్చు. పాత సిలికాన్ జిడ్డు ఏమాత్రం మిగిలినా పూత పట్టదు కాబట్టి, రాత్రంతా ఆరనిచ్చి మరునాడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను.

పూయడం మాత్రం సులువు. నీడలో, ప్లాస్టిక్ చల్లగా ఉన్నప్పుడు, స్పాంజీ మీద నాలుగు చుక్కలు వేసుకుని అడ్డంగానూ నిలువుగానూ రుద్ది, రెండు నిమిషాల్లో మిగులును గుడ్డతో తుడిచేయాలి. పక్క అద్దం అడుగున ఒకచోట తుడవడం మరిచాను, అక్కడ నూనె మరకలా మెరిసే మచ్చ గట్టిపడిపోయి, దాన్ని తీయడానికి మొత్తం పూత కంటే ఎక్కువ సమయం పట్టింది. పూసిన తర్వాత 24 గంటలు తడి తగలకూడదు.

నలుపు సహజంగా వచ్చింది, నూనె రాసిన మెరుపు లేదు, ఇది ఈ కిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. ఎనిమిది నెలల తర్వాత తలుపుల పట్టీలూ పక్క అద్దాల అడుగుభాగమూ అలాగే ఉన్నాయి, వాటిమీద నీరు ఇంకా ముత్యాల్లా జారుతోంది. ఆకాశం వైపు పరచుకుని రోజంతా ఎండకు కాగే వైపర్ల కింది పలక మాత్రం అప్పుడే కాస్త పాలిపోయింది. పెట్టె మీద రాసిన రెండేళ్ల మన్నిక దానికి వర్తించదని, ఏడాదికోసారి మళ్లీ పూయవలసి వస్తుందని నా అంచనా. గులకరాళ్లు కొట్టిన బంపర్ అంచున గీతలు తెల్లగానే ఉన్నాయి, ఎందుకంటే ఈ పూతలో రంగు లేదు, గీతను నింపేంత మందమూ లేదు. వేలితో నొక్కితే చిట్లే దశకు వచ్చిన ప్లాస్టిక్‌కు దీనిమీద డబ్బు పెట్టకుండా కొత్త భాగం కొనడమే నయం. హీట్ గన్‌తో కాల్చి నలుపు తెప్పించే పద్ధతిని కూడా నేను సూచించను. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే కరుగుతుంది, ఒక్క క్షణం ఏమరుపాటుకు దాని గరుకుతనం శాశ్వతంగా పోతుంది, వచ్చిన నలుపు కూడా ఎక్కువకాలం ఉండదు.

తయారీదారు మీద నాకున్న అసలు ఫిర్యాదు సీసా గురించి. నా బండికి సరిపోగా పావు వంతు ద్రవం మిగిలింది. పలకకు మరో పూత వేద్దామని మొన్న మూత తీస్తే అది జిగురులా చిక్కబడి ఉంది. ఈ రకం ద్రవాలు గాలిలోని తేమతోనే గట్టిపడతాయి. ఒకసారి తెరిచిన సీసా నిలవ ఉండదని ఆ కాగితంలో ఒక్క ముక్క రాసి ఉంటే, మిగిలినదాన్ని ఆనాడే వెనక బంపర్‌కు రెండో పూతగా వాడుకునేవాణ్ణి. అదే ద్రవం ఒక్కసారి వాడే తడి గుడ్డలుగా, విడివిడి పొట్లాల్లో కూడా దొరుకుతోంది. ఈసారి అదే తెప్పించుకుంటాను.