అడుగు ఊడిపోయిన నారుకుండీ

బాక్టీరియా తయారుచేసే, మట్టిలో కలిసిపోయే పీహెచ్‌ఏ ప్లాస్టిక్ నారుకుండీలు విశాఖలో మా ఎంవీపీ కాలనీ మిద్దెతోటకి వచ్చి రెండేళ్లు దాటింది. కొన్న కొత్తలో కనిపించిన ప్రతివాళ్ల దగ్గరా వీటి గురించి ఊదరగొట్టాను. ఇప్పుడు కాస్త గొంతు తగ్గించాలి.

మొన్న వానాకాలం పక్కింటి పిన్నిగారు వంగ మొక్క అడిగారు. అంచు పట్టుకుని ఎత్తితే అడుగు గచ్చు మీదే ఉండిపోయింది. తడిమట్టంతా నా కాళ్ల మీద. "ఇదేటి బాబూ, అడుగు లేని కుండీయా?" అని ఆవిడ నవ్వు. కింద చూస్తే కుళ్లిన ఆకుల మీద ఆ ముక్క నానిన అప్పడంలా జారుతూ ఉంది. ఎండతగిలే గోడవారన పెట్టినవి మాత్రం చెక్కుచెదరలేదు.

నిజానికి తప్పు కుండీది కాదు. తిండి మిగిలి, నత్రజని చాలనప్పుడు కొన్ని బాక్టీరియాలు మన ఒంట్లో కొవ్వులాగా ఈ ప్లాస్టిక్‌ని లోపల దాచుకుంటాయి. 1926 నాటికే ఫ్రాన్స్‌లో దీన్ని గుర్తించారు. ఒక సూక్ష్మజీవి దాచుకున్నది ఇంకోదానికి తిండే కదా! తడి ఆకుల మీద పెట్టి విస్తరి వేసింది నేనే.

అదే గుణం తొట్టిలో నన్ను మురిపించింది. కుండీతో సహా పాతిన ఆనపపాదుని ఎనిమిది నెలలకి పీకితే, పైన పొడిగా ఉన్న అంచు ఉంగరంలా మిగిలింది, అంతే. మిగతాదంతా వేళ్లే. పక్కనే పాతిన పీఎల్‌ఏ (మొక్కల పిండిపదార్థంతో చేసే ఇంకో ప్లాస్టిక్) టీకప్పు కడిగితే మళ్లీ టీ పోసుకునేలా ఉంది. దానికి అరవై డిగ్రీల దాకా కాగే కంపోస్టు కుప్ప కావాలి మరి.

ఇంకో లోటు: అటక మీద దాచిన కుండీలు రెండో ఏడు నొక్కితే పటుక్కుమన్నాయి. పీహెచ్‌ఏ జాతిలో పీహెచ్‌బీ అనే రకానికి, వాడకపోయినా రోజులు గడిచేకొద్దీ పెళుసెక్కే గుణం ఉంది. నావి ఏ రకమో పెట్టె మీద రాయలేదు. అమ్మినవాళ్లని అడిగితే జవాబే లేదు.

మీది పొడి మేడ అయితే మీ అనుభవం వేరుగా ఉండొచ్చు. మాకు సముద్రపు చెమ్మ, పైగా రెండుపూటలా నీళ్లు పోసే అలవాటు నాది. వేళ్లు కదిలితే అలిగే ఆనప, బీర, పొట్లలకి ఈసారీ తెప్పించాను, పన్నెండే. వంగ నారు పాత పెరుగు డబ్బాల్లోనే.